రోమక నాణేల్లో లేని మీసం

సముద్రం పక్కన ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే కేసరివర్మకు తన మీసమంటే తగని మురిపెం. కోట వాకిట తన కంచు విగ్రహం పోయిస్తున్నాడు. తీరా మీసం దగ్గరికి వచ్చేసరికి కంచు చాలలేదు.

అదే వారం రేవు దగ్గర దిబ్బ తవ్వుతుంటే కుండెడు కంచు నాణేలు దొరికాయి. ఎప్పటివో, రోము నుంచి వచ్చిన రోమక నావలవాళ్లు పాతిపెట్టి పోయినవి.

“దైవమే పంపింది. కరిగించి మీసం పొయ్యండి” అన్నాడు రాజు.

ఆస్థాన విదూషకుడు మాచిరాజు అప్పటికే ఒక నాణెం మీది మట్టిని గోరుతో గీకుతున్నాడు. తలకు ఆకుల దండ చుట్టుకున్న చక్రవర్తి మొహం తేలింది. అంచు వెంట చీమల బారులా ఏవో అక్షరాలు. వెనక్కి తిప్పితే తెరచాప, తెడ్లు, కింద అలలు. బొటనవేలంత చోట సముద్రం పట్టింది. అతనికి ఒళ్లు గగుర్పొడిచింది. ఇన్ని తరాలు మట్టి తినలేని ఈ రాతను, చదివేవాడు రాకముందే కొలిమి తినేస్తుందే అనుకున్నాడు.

వద్దంటే వినే రాజు కాడు.

“ప్రభూ, కరిగించే ముందు ఒక్కసారి వెతకనివ్వండి.”

“వెతుక్కో.”

మాచిరాజు సభ మధ్యే చతికిలబడి కుండ బోర్లించాడు. ఒక్కో నాణెం వెలుతురుకు ఎత్తి, చూసి, పెదవి విరిచి పక్కన పెడుతున్నాడు. కొలిమి చల్లారిపోతోందని కంచరి వీరోజు గొణిగాడు. రాజుకు విసుగెత్తింది.

“ఏమిటయ్యా ఆ వెతుకులాట?”

“మీసం, ప్రభూ.”

“మీసమా?”

“తమరి మొహాన పెట్టేది కదా, ఈ నాణేల మీది ఏ దొరకైనా మీసం ఉందేమోనని. అందరూ నున్నగా గొరిగించుకున్నవాళ్లే. మీసం లేని మొహాలు కరిగించి పోసిన మీసమని పొరుగు రాజులకు తెలిస్తే...” అంటూ ఆగిపోయాడు.

రాజు నాణెం లాక్కుని చూశాడు. ఇంకొకటి చూశాడు. చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది.

“మరి నా మీసానికి కంచెక్కడిది?”

“తమరి స్నానాల కంచు గంగాళం ఉందిగా. ఆ మీసం రోజూ తడిసేది దాని నీళ్లతోనే. చుట్టరికమంటే దానిదే.”

రాజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. గంగాళాన్ని కొలిమికి పంపించాడు. చేతిలోని నాణెం మాత్రం వదల్లేదు.

“చుట్టూ ఏం రాశారిక్కడ?”

“తెలియదు ప్రభూ. చదవగలిగినవాడు ఏదో ఒక నావలో వస్తాడు.”

“ఈ చక్రవర్తి పేరే అయి ఉంటుంది.” రాజు గొంతు తగ్గింది. “ఇంత బిళ్ల మీద ఇన్నాళ్లు నిలిచాడు. నాకేమో వాకిలంత విగ్రహం కావలసి వచ్చింది.”

మళ్లీ నవ్వి, నాణేలన్నీ తిరిగి కుండలో పోయించి, దాన్ని తన పట్టు ఉత్తరీయంలో చుట్టి మాచిరాజు చేతుల్లో పెట్టాడు.