పొయ్యికొక ఇల్లు

ఈ కథ నాకు చెప్పింది మా మేనత్త గున్నమ్మ. పెళ్ళివంటల దగ్గర గాడిపొయ్యి ఎగదోస్తూ చెప్పింది. ఒక్క ముక్క తప్పిపోకుండా మూడుసార్లు చెప్పించుకున్నాను. కనక మధ్యలో ఎవరూ అడ్డం రావద్దు.

ఒకానొక రాజ్యంలో విశాలవర్మ అని ఒక రాజుగారు ఉండేవారు. ఇరుకు గది, చిన్న విస్తరి, పొట్టి గుర్రం, ఇవేవీ ఆయనకి గిట్టవు. కోట పక్కన కొత్త పేట కట్టిస్తూ, వెయ్యి గజాలకి తక్కువ స్థలంలో ఎవరూ ఇల్లు కట్టరాదు, ఒక స్థలంలో ఒకటే ఇల్లు, అని దండోరా వేయించారు. మేడ మీంచి చూస్తే పేట దర్జాగా కనబడాలిట.

కనబడింది. షావుకార్లు నలభైమంది వచ్చి మేడలు కట్టారు. ఆ మేడల్లో వండేవాళ్ళు, ఉతికేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు మాత్రం రెండు కోసుల అవతలి నుంచి నడిచి రావాలి. వెయ్యి గజాలు కొనే తాహతు వాళ్ళకెక్కడిది?

వాళ్ళలో ఆదెమ్మ ఒకతె. కోటలో పొయ్యిలు వెలిగించడం ఆవిడ పని. రోజూ పొద్దున్నే నిప్పుల కుండ పట్టుకుని ప్రతి వంటింటికీ తిరగాలి. ఆవిడ తప్ప ఇంకొకరు ముట్టించకూడదని కోట ఆచారం.

నడిచి నడిచి మోకాళ్ళు అరిగిపోయి, ఆదెమ్మ ఒక ఉపాయం చేసింది. తనదీ కలుపుకుని పన్నెండు కుటుంబాలని కూడగట్టి, అందరికీ కలిపి ఒకే వెయ్యి గజాలు కొనిపించింది. చుట్టూ పన్నెండు గదులు, మధ్యలో ముంగిలి, వీధివైపు ఒకటే గడప.

షావుకార్లు ఓర్వలేక మొర పెట్టుకున్నారు. మంత్రి ఆదెమ్మని సభకి పిలిపించాడు. ఒక గడప, ఒక కప్పు, కాబట్టి ఒకటే ఇల్లని ఆవిడ చెప్పుకుంది.

రాజుగారు మీసం దువ్వారు. "ఇల్లంటే గడప కాదు, కప్పూ కాదు. పొయ్యి. ఎన్ని పొయ్యిలు వెలిగితే అన్ని ఇళ్ళు. మీవి పన్నెండు. రేపు పొద్దుగూకేలోగా పదకొండు కుటుంబాలు ఖాళీ చెయ్యాలి."

సభంతా భళీ అంది. ఆ గదుల్లో ఒకదానిలో వారం రోజుల బాలింత ఉంది. చంటిబిడ్డని ఎత్తుకుని ఎక్కడికి పోతుంది? ఆదెమ్మకి కళ్ళలో అదే మెదిలింది. అయినా చేతులు జోడించి నిలబడింది.

"మంచి తీర్పు ప్రభూ. పొయ్యికొక ఇల్లు, ఇంటికి వెయ్యి గజాలు. చిన్నా పెద్దా లేదు, ఎవరికైనా ఇదే లెక్క అని రాయించి ముద్ర వేయించండి. రేపు ఎవరైనా మాట మారుస్తారేమో."

తన తీర్పు అంత బాగుందా అని రాజుగారు మురిసిపోయి ముద్ర వేశారు.

మర్నాడు ఆదెమ్మ కోటకి వచ్చింది. కోటలో పొయ్యిలు తొమ్మిది. ఏడుగురు రాణులకి ఏడు. ఒకరి పొయ్యి మీద వండింది ఇంకొకరు ముట్టరు. రాజమాతగారి మడిపొయ్యి ఎనిమిదోది. రాజుగారి పథ్యం పొయ్యి తొమ్మిదోది. ఆదెమ్మ ఆరు పొయ్యిలు వెలిగించి, కుండ మీద మూత పెట్టి, వంటింటి అరుగు మీద చతికిలబడింది.

జాము పొద్దెక్కింది. రాజుగారికి గంజి రాలేదు. రాజమాతకి ప్రసాదం లేదు. పెద్దరాణిగారి వంటింట్లో పిల్లి పడుకుంది. రాజుగారు తనే వంటింటి వైపు వచ్చి, ఏమిటే ఈ తిక్క అని గద్దించారు.

"తిక్క కాదు ప్రభూ, తమ శాసనం. కొలతగాళ్ళని అడిగాను. కోట స్థలం ఆరువేల గజాలు. ఆరు పొయ్యిలు వెలిగించాను. ఏడోది వెలిగిస్తే నా మెడ మీదికొస్తుంది. ఇక మిగిలింది రాజమాతగారు, పెద్దరాణిగారు, తమరు. ముగ్గురూ పేటకి మారాలి. అలా కాదంటే ఏ ముగ్గురు రాణీగార్లని పంపాలో సెలవియ్యండి, వాళ్ళ పొయ్యిలు ఆర్పి మీవి వెలిగిస్తాను."

రాజుగారు గొంతు తగ్గించారు. "పోనీ, రాణులందరికీ ఒకే పొయ్యి మీద వండితే?"

"దివ్యంగా ఉంటుంది. ఆ మాట తమరే లోపలికెళ్ళి చెప్పండి. నేనిక్కడే ఉంటాను."

తెర వెనక ఏడు జతల గాజులు ఒక్కసారి గలగలమన్నాయి.

రాజుగారు తెర వంక చూశారు. నిప్పుల కుండ వంక చూశారు. కడుపు గుర్రుమంది. అంతే, కిరీటం చెవి మీదికి జారేదాకా నవ్వారు. శాసనం చింపమన్నారు. ఎవరి తాహతుకి తగ్గ స్థలంలో వాళ్ళు కట్టుకోవచ్చని మళ్ళీ దండోరా వేయించారు. ఆదెమ్మకి బంగారు కడియం, పేటలో వెయ్యి గజాలు ఇమ్మన్నారు.

కడియం తొడుక్కుంది. "స్థలం నూరు గజాలు చాలు ప్రభూ. షావుకార్ల వాకిళ్ళు ఊడవడానికి మావాళ్ళున్నారు. నా వాకిలి నేనే ఊడ్చుకోవాలి."

ఆనక మిగతా మూడు పొయ్యిలూ వెలిగించి, పేటకి వెళ్ళి బాలింతకి నీళ్ళు కాచింది.

ఇదీ జరిగింది. మా ఊరి బడిపంతులు సోమలింగం మాత్రం ఈ ఉపాయం మంత్రిదని పిల్లలకి చెప్పి పుస్తకాల్లో రాయిస్తున్నాడు. రెండుసార్లు వెళ్ళి చెప్పాను, వినలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆయనతో నాకు మాటల్లేవు. నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చు. చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఆ బడికి వెళ్ళి, మంత్రి పేరు కొట్టేసి, ఆదెమ్మ అని దిద్దించండి.