ఎత్తేసిన విస్తరి

సుభాషిణి రాసిన కోడ్ మూడోసారి కూడా మిషన్‌ని కుప్పకూల్చింది. ఇంకొక్కసారి కూలితే ఆ పని వేరేవాళ్లకు ఇచ్చేస్తామని పైవాళ్లు తెగేసి చెప్పారు. ఏడాదిగా ప్రాణం పెట్టి చేసిన పని అది. పిల్ల బెంబేలెత్తిపోయింది.

ఆమెకున్న జబ్బల్లా శుభ్రం. కంప్యూటర్‌ని లోపల్నుంచి నడిపించే మూల ప్రోగ్రామ్ కెర్నెల్; దాని నెట్‌వర్క్‌లో ఒక దారి మూతపడగానే దాని పేరు పట్టికలోంచి కొట్టేసి, దాని వివరాలున్న మెమరీని ఆ క్షణమే ఖాళీ చేయించేది. కాసేపు ఆగి ఖాళీ చేసే పాత కోడ్ చూస్తే ఆమెకు ఒళ్లు మండేది.

"పట్టికలో పేరే లేకపోయాక ఇంక దాని కోసం ఎవరొస్తారు మాస్టారూ? ఆగడం దేనికి?" అని కూర్మారావు గారిని నిలదీసింది.

ఆయన విశాఖలోని ఆ ఆఫీసులో ముప్పై ఏళ్లుగా కెర్నెల్ కోడ్ దిద్దుతున్న మనిషి. ఈ పిల్లకు పని నేర్పిందీ ఆయనే. ఆమె మొండితనం అంటే ఆయనకు బోలెడు ముద్దు.

"రేపు మన ఆఫీసు వనభోజనాలకి రా అమ్మా," అన్నారు.

మర్నాడు తోటలో మొదటి బంతి నిండింది. కూర్మారావు గారే పంచె ఎగ్గట్టి వడ్డిస్తున్నారు. "ఈ బంతి అయిపోయింది. కొత్తవాళ్లు పక్క బంతిలో కూర్చోండి," అని కేకేశారు. ఆ వెంటనే ఆ బంతిలోనే తింటున్న సుభాషిణి దగ్గరికి వచ్చి, ఆమె ముందున్న విస్తరి కాస్తా ఎత్తేశారు.

"అయ్యో మాస్టారూ! తింటున్నాను!"

బంతిలో అందరి చేతులూ ఆగిపోయాయి. తింటున్న మనిషి ముందు విస్తరి లాగడమా!

"బంతి మూసేశాం కదమ్మా. ఇంకెవరూ రారు."

"రాకపోతే? నేను ముందే వచ్చి కూర్చున్నాను కదా..."

చేతిలో పులిహోర ముద్ద అలాగే ఉండిపోయింది.

ఆయన గబగబా కొత్త విస్తరి వేసి, అన్నీ మళ్లీ వడ్డించారు. "తప్పయింది తల్లీ," అంటూ ఇంకో బూరె కూడా వేశారు. ఆయన కళ్లు చెమర్చాయి.

సుభాషిణి తల వంచుకుని తిన్నది. బూరె తుంచుతూ అడిగింది: "మరి పేరు కొట్టేయకముందే వచ్చి ఆ మెమరీ చదువుతున్న ప్రోగ్రాముల కోసం ఎప్పటిదాకా ఆగాలి మాస్టారూ?"

బంతిలో మిగతా అందరి భోజనాలూ అయిపోయాయి. చివర్న ఆఫీసు కారు డ్రైవర్ సింహాచలం ఒక్కడే ఇంకా పెరుగన్నం కలుపుకుంటున్నాడు. అతను తినేదాకా మిగతావాళ్లెవరూ లేవలేదు. కూర్మారావు గారు పెరుగు గిన్నె తీసుకుని అటు నడిచారు.

"నిదానంగా తిను బాబూ," అన్నారు. "నువ్వు లేచాకే తీస్తాం."