ఊదకూడని చుక్క

టైట్రేషన్‌లో మా డిగ్రీ కాలేజీ మొత్తానికి నన్ను మించినవాడు లేడు. మూడుసార్లు చేస్తే మూడు రీడింగులూ ఒకే అచ్చులో పోసినట్టు వస్తాయి. మూడూ ఒకేలా తప్పు వస్తున్నాయన్నది చిన్న విషయం. అది తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది, ఒక స్నేహితుణ్ణి దాదాపు పోగొట్టుకోవలసీ వచ్చింది.

మాకు కెమిస్ట్రీ చెప్పే వకుళ మేడంకి ఒక అలవాటు. ప్రశ్నకు జవాబు చెప్పరు. అడిగినవాడి చేతిలో ఏదో ఒక గాజు సామాను పెడతారు. హాల్ టికెట్లు ఎప్పుడిస్తారని అడగబోయినవాడు కూడా రెండు బీకర్లు కడిగాకే బయటపడ్డాడు. ఇదంతా తెలిసి కూడా ఆ మంగళవారం మధ్యాహ్నం నా అంతట నేనే ల్యాబ్‌కి వెళ్ళానంటే, కాలు ఎంత నిలవక వెళ్ళానో మీరే ఊహించుకోండి.

సంగతి ఇది. ల్యాబ్‌లో నా జోడీ జకరయ్య. వాళ్ళ నాన్నకి చీరాల బస్టాండు దగ్గర గోలీసోడా బండి ఉంది. రెండేళ్ళుగా క్లాసులో నోరు విప్పనివాడు, సెమినార్ రోజున బండి మీంచి నాలుగు సోడాలు తెచ్చాడు. లోపలి గ్యాసు గోలీని ఎలా పైకి తోసి మూతి బిగిస్తుందో, వేలితో నొక్కితే ఎందుకు కీచుమంటుందో ఇరవై నిమిషాలు విప్పి చెప్పాడు. చప్పట్లకి బెంచీలు అదిరాయి. అందరికంటే ముందు లేచి కొట్టింది నేనే. "ఒరేయ్, పుస్తకం రాసినవాడికి కూడా ఇంత తెలీదురా!" అన్నాను. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. "సరేగానీ, ఖాళీ సీసాలు ఇచ్చెయ్యండ్రా, బండి దగ్గర వాళ్ళ నాన్న ఎదురుచూస్తుంటాడు" అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడు.

మర్నాటి నుంచి నా పక్క స్టూలు ఖాళీ. వాడు కిటికీ దగ్గర బల్లకి మారిపోయాడు. పలకరిస్తే "ఊ". క్యాంటీన్‌కి రారా అంటే "ఊహూ". తొమ్మిది రోజుల్లో వాడు నాకిచ్చిన మాటలు ఈ రెండే. నేను మాత్రం మామూలుగానే ఉన్నాను. అన్నం తింటూ తింటూ లేచి నిలబడేవాణ్ణి, ఎందుకు లేచానో తెలియక మళ్ళీ కూర్చునేవాణ్ణి, అంతే. ఇంతలో తెలిసిందేమిటంటే, ప్రాక్టికల్ పరీక్షలకి తనకి వేరే జోడీ కావాలని వాడు మేడంకి కాగితం ఇచ్చాడట. ఆమె సంతకం పెడితే ఆ కిటికీ బల్ల ఇక వాడిదే, ఈ ఖాళీ స్టూలు ఇక నాదే.

"మేడం, నేనన్నదాంట్లో అబద్ధం ఉందా? తిట్టు ఉందా? క్లాసంతా నవ్వింది, వాడు కూడా నవ్వాడు. మరి తప్పెక్కడుంది?" అని అడిగాను, నిలబడ్డచోట నిలబడకుండా.

మేడం రికార్డులు దిద్దుతున్నారు. తల ఎత్తకుండానే, "ఇరవై మిల్లీలీటర్ల యాసిడ్ తీసుకో. టైట్రేషన్ చెయ్యి" అన్నారు.

కెమిస్ట్రీ మరిచిపోయినవారి కోసం చెబుతున్నాను. పిపెట్ అనే సన్నటి గాజు గొట్టంతో కొలిచి, యాసిడ్‌ని ఫ్లాస్కులోకి వదిలి, రంగు మార్చే ఇండికేటర్ రెండు చుక్కలు వేస్తాం. పైన నిలబెట్టిన బ్యూరెట్‌లోంచి క్షారాన్ని చుక్క చుక్కగా దింపుతాం. రెండూ సరితూగిన చుక్క దగ్గర ఫ్లాస్కులోని ద్రావణం లేత గులాబీ రంగుకి తిరుగుతుంది. అందాకా ఎంత క్షారం పట్టిందో అదే రీడింగు. నాకు ఇరవై పాయింట్ ఒకటి వచ్చింది.

"మళ్ళీ" అన్నారు.

ఇరవై పాయింట్ ఒకటి.

"మళ్ళీ."

అదే. "చూశారా మేడం, మూడూ ఒకటే!" అన్నాను.

"రెండు ద్రావణాలూ సమానంగా ఉండేలా పొద్దున నేనే కలిపాను. ఇరవైకి ఇరవయ్యే రావాలి."

"అయితే దోషం బ్యూరెట్‌ది మేడం. ట్యాపు కారుతోంది."

ఎర్ర పెన్ను ఒక టిక్కు పెట్టింది.

"నీళ్ళది కూడా అయ్యుండొచ్చు."

రికార్డులో ఒక పేజీ తిరిగింది.

"ఈ ఫ్యాను గాలికి..." అని మొదలుపెట్టి పైకి చూశాను. ఫ్యాను తిరగడం లేదు.

అప్పుడు జకరయ్య వచ్చాడు, తన కాగితం ఏమైందో కనుక్కుందామని. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. మేడం నా చేతిలోని పిపెట్ తీసుకుని వాడి చేతిలో పెట్టారు. "అదే యాసిడ్, అదే బ్యూరెట్. ఒక్కసారి చేసిపెట్టు నాయనా."

వాడు పిపెట్ కడుక్కుని, రబ్బరు బల్బుతో యాసిడ్‌ని గీత దాకా లాగి ఫ్లాస్కులోకి వదిలాడు. ధార ఆగాక పిపెట్ కొసని ఫ్లాస్కు గోడకి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. ఆ కాసేపట్లో నేను మూడుసార్లు కాళ్ళు మార్చుకున్నాను. ఆ తర్వాత పిపెట్ పైకి తీసేశాడు. కొసలో ఒక చుక్క ఇంకా అలాగే నిలిచి ఉంది.

ఆ చుక్కని నేనెప్పుడూ వదిలిపెట్టి ఎరగను. బల్బు పీకేసి, పైన నోరు పెట్టి, ఉఫ్‌మని ఊదేస్తాను. వాడు వదిలేస్తుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. "ఒరేయ్, చుక్క మిగిలిపోయిందిరా! ఊదు!"

తొమ్మిది రోజుల తర్వాత వాడు నా మొహంలోకి చూశాడు.

"దిగాల్సిందంతా దిగిందిరా. ఇది పిపెట్‌ది. ఇది మిగులుతుందని తెలిసే ఆ ఇరవై గీత పెట్టారు." బ్యూరెట్ ట్యాపు తిప్పుతూ, "మొదటి రోజే చెప్పారు మేడం. అప్పుడు నువ్వు నా చెవిలో జోకు చెబుతున్నావు" అన్నాడు.

వాడి రీడింగు సరిగ్గా ఇరవై.

దీనికి నా నాలుక చివర ఒక మాట వచ్చి నిలబడింది. చాలా బాగుంది ఆ మాట. ఇప్పటికీ గుర్తుంది. మీకు చెప్పను.

మేడం ఎర్ర పెన్ను పక్కన పెట్టి నీలం పెన్ను తీశారు. జకరయ్య ఇచ్చిన కాగితం మడత విప్పి ముందు పరుచుకున్నారు. సంతకం చేసే చోట పెన్ను ఆనించి, నన్ను అడిగారు.

"వాడు కూడా నవ్వాడన్నావు. ఆ రీడింగు చూసి చెబుతున్నావా, చూడకుండానా?"

సెమినార్ రోజున ఆఖరి బెంచీలో ఆవిడ కూడా కూర్చుని ఉన్నారన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. జకరయ్య ఫ్లాస్కు కడుగుతున్నాడు. వీపు నా వైపే ఉంది, నీళ్ళ చప్పుడు మాత్రం ఆగింది. మీకు కూడా అదే రీడింగు ఇచ్చాను కాబట్టి మీ ముందు కూడా ఒప్పుకుంటున్నాను. వాడు నవ్వలేదు. క్లాసు కూడా నవ్వలేదు. చప్పట్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో నవ్విన గొంతు ఒక్కటే, అది నాది. పైగా ఆ ఖాళీ సీసాల మాట నాకు అప్పటికప్పుడు తట్టిందేం కాదు. వాడు సోడాలు తెస్తున్నాడని తెలిసి, ఆ పొద్దున పళ్ళు తోముకుంటూ, నురగ నోటితో అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్నాను.

"లేదు మేడం" అన్నాను. "నేనొక్కణ్ణే నవ్వాను."

మేడం పెన్నుకి మూత పెట్టారు. కాగితాన్ని మళ్ళీ మడిచి, సంతకం లేకుండానే జకరయ్య వైపు జరిపారు. వాడు దాన్ని ముట్టుకోలేదు. కడిగిన ఫ్లాస్కు తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఇది ఒక రీడింగు" అన్నారు మేడం నాతో. "ఇంకో రెండు రావాలి."