ఏడో పేరు

అనగనగా, చిట్టితల్లీ, సముద్రానికి అవతల ఇథియోపియా అనే దేశంలో ఒక కొండ ఊరు. అక్కడ హదియా జనం ఉంటారు. వాళ్ళలోనే ఒక చిన్న తెగ. ఆ తెగ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ సరిగ్గా తెలీదు.

ఆ తెగ పిల్లే దనామె. పక్క కొండ మీది హందిసో అనే కుర్రాడంటే దానికి ప్రాణం.

పెళ్ళి కుదరాలంటే ఆ ఊరి పెద్దల ముందు ఏడు తరాల తాతల పేర్లు చెప్పాలి. ఇద్దరికీ ఒక్క పేరు కలిసినా అన్నాచెల్లెళ్ళ కిందే లెక్క. పెళ్ళి లేదు.

దనామె ఆరు పేర్లు గడగడా చెప్పింది. ఏడో పేరు దగ్గర ఆగిపోయింది.

అప్పుడు దనామె పెదతాత ఎర్జాబో లేచాడు. "ఏడో తాతే మన మూలపురుషుడు, తూర్పు నుంచి ఆవుల్ని తోలుకుంటూ వచ్చాడు" అన్నాడు. ఆ తర్వాత చినతాత దుతెబో లేచాడు. "కాదు, ఈ మట్టిలోనే పుట్టాడు" అన్నాడు. ఆ తర్వాత హందిసో తాత లేచాడు. "రెండూ కాదు. ఆయన మా ముత్తాతే" అన్నాడు.

అదే నిజమైతే దనామెకి పెళ్ళి లేనట్టే. ఏది నిజం? ఎవర్ని నమ్మాలి?

పరుగున వాళ్ళవ్వ దగ్గరికి పోయింది. అవ్వ పెరట్లో కూర్చుని ఎన్సెట్ మొద్దు గీకుతోంది. ఎన్సెట్ అంటే అచ్చం అరటిచెట్టులా ఉంటుందమ్మా, కానీ వాళ్ళు తినేది పండు కాదు, మొదలు.

"ముగ్గురూ సగం సగమే చెప్పారే" అంది అవ్వ. "కరువులో ఓదామె అనే నిండు చూలాలు ఈ కొండెక్కింది. తూర్పువాళ్ళు పాలు పోశారు. ఈ ఊరివాళ్ళు ఎన్సెట్ మొక్కలు నాటుకోమన్నారు. హందిసో వాళ్ళు ఇల్లిచ్చారు. బిడ్డ పుట్టాక మూడు వైపులవాళ్ళూ నా కొడుకంటే నా కొడుకన్నారు. కన్నతండ్రి ఎవరో ఆమె చెప్పనే లేదు."

"మరి నేనెవరి దాన్ని అవ్వా?"

"నాకేం తెలుసే తల్లీ!"

దనామెకి ఇంకా అయోమయం. అలాగే పెద్దల దగ్గరికి తిరిగొచ్చి, విన్నదంతా చెప్పింది.

"ఇల్లిచ్చినవాడే తండ్రి అంటే పెళ్ళి లేదు" అన్నాడు ఎర్జాబో. "అసలు తండ్రే లేడంటే మనకి తెగే లేదు. ఏదో ఒకటి తేల్చు."

దనామె హందిసో కేసి చూసింది, తనవాళ్ళ కేసి చూసింది. ఎవర్నీ వదులుకోలేకపోయింది. అప్పుడు నెమ్మదిగా అంది, "ఏడో పేరు ఓదామె."

"ఆడమనిషి పేరా!" అని గోల చేశారంతా.

హందిసో తాత లేచి గోల ఆపాడు. "ఆ తల్లికి మా ఇంట్లోనే పురుడు పోశారట. పోసినవాళ్ళమే, కన్నవాళ్ళం కాదు" అన్నాడు. "ఆ పేరు చెల్లుతుంది. పిల్లని మాకివ్వండి."

దుతెబో సరేనన్నాడు. ఎర్జాబో మాత్రం గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి ఆ తెగవాళ్ళని ఓదామె బిడ్డలు అన్నారు.

పెళ్ళిరోజు వచ్చింది. పోయిన పెద్దల్ని తలుచుకుని, వాళ్ళు వచ్చిన దిక్కుకి దండం పెట్టాలి. దనామె తూర్పుకి తిరిగింది, నేలని చూసింది, పక్క కొండ కేసి తిరిగింది. పిచ్చిపిల్లకి ఏమీ పాలుపోలేదు.

"ఎటు తిరగాలి అవ్వా?"

"ముందు ఇటు తిరగవే, పెళ్ళికూతురి తలకి వెన్న రాయాలి!" అంది అవ్వ.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
నువ్వేమో నా పక్కకి.