మారిషస్‌కి ఆరువందల ఆవకాయ సీసాలు

తుని పక్కన మా ఊళ్ళో గంటివారి అన్నదమ్ములని ముగ్గురున్నారండి. పెద్దవాడు సత్తిరాజు, నడిపివాడు నూకరాజు, చిన్నవాడు గవర్రాజు. చిన్నవాడంటే పసివాడనుకునేరు, నలభై దాటాయి. దేవుడు తెలివిని ముందు తమ ఇంట్లో పంచి, మిగిలింది ఊరి మీద విదిల్చాడని వీళ్ళ నమ్మకం. "జనం సగం వింటారు, సగం ఊహించుకుంటారు. మేం అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం," అంటాడు సత్తిరాజు మీసం దువ్వుకుంటూ. నిజమే, చేస్తారు. మా ఖర్మ అదే.

వీళ్ళ మేనత్త వీరాయమ్మ ముప్పై ఏళ్ళు పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి ముందు నిలబడి వండిన మనిషి. పొగకి కళ్ళు సగం పోయాయి పాపం. మారిషస్‌లో సరుకుల కొట్టున్న తెలుగాయన ఒకాయన ఆవిడ ఆవకాయ తిని, ఆరువందల సీసాలు పంపమన్నాడు. సరుకు బాగా చేరితే ఏటా ఆవిడ దగ్గరే తీసుకుంటానన్నాడు. అంటే ఇక గాడిపొయ్యి మొహం చూడక్కర్లేదన్నమాట. ఆవిడ వేసవంతా కూర్చుని ముక్కలు కొట్టించింది, కలిపింది, సీసాలకెత్తి మూతలు బిగించింది. తీరా పంపే వారంలో కాలు బెణికి మంచమెక్కింది. ఇంకేముంది, పని మేధావుల చేతికొచ్చింది. లారీ నాది. అందుకే ఇదంతా ఈ కళ్ళతో చూడాల్సి వచ్చింది.

విశాఖ రేవు దగ్గర ఎగుమతి ఏజెంటు గోపాలం గారని ఉన్నారు. ఆయన ఫోన్లో చెప్పారు, "పెట్టెల మీద లోపల ఏముందో ఒక్కటీ వదలకుండా రాయండి," అని. అంతే. ముగ్గురూ చాప పరిచి, బిగించిన సీసాలు విప్పి బోర్లించారు.

"ముక్కలు పదిహేడు. వెల్లుల్లి రెబ్బలు తొమ్మిది," అన్నాడు నూకరాజు.

"మెంతులు?" అన్నాడు సత్తిరాజు.

"రెండొందల పది, రెండొందల పదకొండు... నువ్వు మాట్లాడించావు, మళ్ళీ మొదటి నుంచి."

"ఆవపిండి ఎన్నని రాయాలన్నయ్యా?" అని గవర్రాజు పిండి రేణువులు వేలితో వేరుచేస్తూ కూర్చున్నాడు.

వాసనకి వీరాయమ్మ తల తిప్పి చూసింది. అప్పటికి వంద సీసాలు చాప మీదున్నాయి. ఆవిడ మంచం మీంచే చేతికర్ర విసిరితే గవర్రాజు వీపుకి తగిలింది. వాడు కర్రని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది సీసాలోది కాదత్తా, రాయక్కర్లేదు," అన్నాడు.

మిగిలిన అయిదొందలూ పెట్టెల్లో సర్ది లారీ ఎక్కించాం. పెట్టె మీద బాణం గుర్తు ఎప్పుడూ పైకే ఉండాలని గోపాలం గారు మరీమరీ చెప్పారు. ఎలమంచిలి దాటాక గేదె అడ్డమొచ్చి బ్రేకు వేశాను. పది పెట్టెలు తలకిందులయ్యాయి.

"సరిగ్గా తిప్పి పెట్టండ్రా," అన్నాను.

"బావా, ఆయన పెట్టెలు తిప్పమన్నారా? బాణం పైకి ఉండాలన్నారు," అని నూకరాజు నల్లరంగు డబ్బా తీశాడు. ఉన్న బాణాలు చెరిపి, పైకి చూసేట్టు కొత్త బాణాలు గీశాడు. పెట్టెలు తలకిందులుగానే ఉన్నాయి, బాణాలు మాత్రం ఆకాశం చూస్తున్నాయి. రేవు దాకా నూనె కారుతూనే ఉంది. ఇప్పటికీ నా లారీ ఎక్కడ ఆపినా చుట్టుపక్కల వాళ్ళకి ఆకలేస్తుంది.

రేవులో సరుకంతా కంటైనర్‌లోకి ఎక్కించారు. గోపాలం గారు కొన్ని పొట్లాలిచ్చి, "ఇవి లోపల వేలాడదీయండి. తేమ ఎంతున్నా పీల్చేస్తాయి," అని ఆఫీసులోకి వెళ్ళారు. గవర్రాజు మొహం పాలిపోయింది.

"అన్నయ్యా, ఓడ కింద ఉన్నదంతా తేమే కదా. ఇవి పీల్చేస్తే?"

"సముద్రం ఎండిపోద్ది," అన్నాడు నూకరాజు.

"ఓడ ఇసకలో కూరుకుపోద్ది. చేపలవాళ్ళు మనల్ని ఊరికే వదులుతారా?"

సత్తిరాజు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. వాడు ఆలోచిస్తే నాకు వణుకండి. "ముందే వాటి కడుపు నింపేస్తే సముద్రం జోలికి పోవు," అన్నాడు. అంతే, పది బకెట్ల నీళ్ళు తెచ్చి పెట్టెల మీద పెట్టి, పొట్లాలు వాటిల్లో ముంచారు. ఆ బకెట్లన్నీ దొర్లి అట్టపెట్టెలు గుజ్జయిపోయాయి.

గోపాలం గారు వచ్చి చూసి తిట్టలేదు. ఆ మహానుభావుడు కొత్త పెట్టెలు తెప్పించి, కూలీలతో పాటు తనూ కూర్చుని ఒక్కో సీసా తుడిచి, కారినవాటికి మూతలు మార్చి, సర్దించి, తూకం కూడా వేయించారు. వీరాయమ్మకి ఫోన్ చేసి, "అయిదొందలు దక్కాయమ్మా, చాలు. ఇక దిగులు లేదు," అన్నారు. ఆవిడ ఏడ్చింది. "ఇక పొయ్యి దగ్గరికి పోను నాయనా," అంది. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

తరవాత ఆయన సత్తిరాజు చేతిలో ఒక కాగితం పెట్టారు. "సంతకం పెట్టి కంటైనర్‌కి సీలు వేయించండి. నాలుగింటికి కంటైనర్ ఓడెక్కాలి. సీలు పడ్డాక మారిషస్‌లో తప్ప ఎక్కడా తెరవకూడదు," అని చెప్పి వెళ్ళారు. ఇందులో చెడగొట్టడానికి ఏముందిలే అని నేను టీకి వెళ్ళాను. నాకూ బుద్ధి లేదు.

ఆ కాగితంలో ఒకటే ముక్క ఉంది. ఈ సరుకు అరలో పెడితే పన్నెండు నెలలు చెడిపోదని ధ్రువీకరిస్తున్నాం, అని.

నేను తిరిగొచ్చేసరికి అయిదొందల సీసాలూ నా లారీలో ఉన్నాయి. కంటైనర్ సీలు వేసుకుని క్రేన్‌కి వేలాడుతోంది.

"లోపలేముందిరా?" అన్నాను.

"ఏమీ లేదు బావా. ఆవకాయ కలిపి మూడు నెలలేగా అయింది? పన్నెండు నెలలు చూడకుండా సంతకం పెడితే అబద్ధం కాదూ?" అన్నాడు సత్తిరాజు. "సరుకు ఇంటికెళ్ళి అరలో ఉంటుంది. నాలుగింటికి కంటైనర్ ఎక్కాలన్నారు, ఎక్కించాం."

తెరిపించమని పరిగెత్తాను. ముగ్గురూ నాకడ్డం నిలబడ్డారు. "సీలు పడ్డాక తెరవకూడదన్నారుగా," అన్నాడు నూకరాజు. రేవు మనిషీ అదే మాటన్నాడు. ఓడ వెళ్ళిపోయింది.

ఇంట్లో గోడ నిండా చెక్క అరలు కొట్టి సీసాలు పేర్చారు. గవర్రాజు ఎదురుగా పీట వేసుకుని కాపలా కూర్చున్నాడు. నెల తిరిగాక మారిషస్ నుంచి ఫోనొచ్చింది. కంటైనర్ ఖాళీగా ఉందని, సరుకు ఇంకొకరి దగ్గర తీసుకుంటున్నానని ఆయన చెప్పాడు. వీరాయమ్మ ఊఁ కొట్టి ఫోన్ పెట్టేసింది. అటక మీంచి పెద్ద గరిటె దింపింది. పిఠాపురంలో పెళ్ళి ఉంది. బయల్దేరే ముందు రెండు ముద్దలు తిందామని అరలో సీసా మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోకత్తా, ఇంకా ఎనిమిది నెలలుంది," అని గవర్రాజు ఆవిడ చెయ్యి తీసేశాడు.

ఆవిడ ఉత్త మజ్జిగన్నం తిని, కుంటుకుంటూ నా లారీ ఎక్కింది. వెనక అరుగు మీద సత్తిరాజు ఊరందరికీ చెబుతున్నాడు. "మారిషస్‌లో తెరిచి చూస్తే ఒక్క సీసా పగల్లేదట, ఒక్క చుక్క నూనె కారలేదట. వచ్చే ఏడు కూడా ఇలాగే పంపుతాం."