అంచున కొంరవ్వ

గుట్టలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, అనగనగా ఒక గొర్రెల మంద. ఊరందరి గొర్రెలూ కలిసి మేసేవి, పొద్దుగూకితే ఒకేచోట పడుకునేవి. ఎందుకు? ప్రేమతోనా? కాదు, తోడేలు భయంతో. ప్రతి గొర్రే పక్కదాని చాటుకు దూరాలనే చూస్తుంది. దాన్ని తప్పు పట్టలేం, గొర్రె కదా. మరి మనిషినో?

మందపెద్ద బీరయ్య గొర్రెలు ఎప్పుడూ నడుమ. ఆయన కుక్కలూ నడుమే. మొగుడు పోయిన కొంరవ్వకు ఉన్నవి మూడే గొర్రెలు. అవి ఎప్పుడూ అంచున.

తోడేలు వచ్చింది. అంచున ఉన్నదాన్ని పట్టుకుపోయింది.

"పెద్దయ్యా, నా గొర్లకు నడిమిట్ల ఇంత జాగ ఇయ్యరాదూ?" అంది కొంరవ్వ.

"మందల ఉన్నవు గనుక ఒక్కటే పోయింది. ఒంటిగ ఉంటే మూడూ పోతుండె. అయినా, అంచున ఎవరో ఒకరుండాలె కద!" అన్నాడు బీరయ్య.

తోడేలు మళ్ళీ వచ్చింది. మళ్ళీ అంచునే.

"పెద్దయ్యా, ఒక్కటే మిగిలింది. అదీ సూడిది, ఇయ్యాలో రేపో ఈనేటట్టుంది."

"ఒక్క గొర్రెకు నడిమిట్ల జాగనా? మంచం గూడ ఎయ్యాల్నా?"

అందరూ నవ్వారు.

"అంచున ఎవరో ఒకరుండాలె కద!" అన్నాడు బీరయ్య.

"ఎవరో ఒకరంటే, ఎన్నడూ నేనేనా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అలాగని జాగా ఇచ్చిందీ లేదు.

మూడోసారి తోడేలు వచ్చేసరికి, గొర్రెకు అడ్డంగా కొంరవ్వే నిలబడి ఉంది. కర్రతో కొట్టింది. మందంతా లేచేలా అరిచింది. నడుమ పడుకున్న కుక్కలు అంచుకు వచ్చేసరికి ఆలస్యమైపోయింది. గొర్రె దక్కింది. కొంరవ్వ దక్కలేదు.

అప్పుడు ఏడ్చారు! రాయి తెచ్చారు, పసుపు పూశారు, మంద నడుమ నిలబెట్టారు. బతికుండగా మూరెడు జాగా ఇవ్వనివాళ్ళు!

మర్నాడు పొద్దుగూకింది. కొంరవ్వ గొర్రెను ఆడవాళ్ళు రాయి పక్కన పడుకోబెట్టారు. అంచు ఖాళీ. బీరయ్య చూపు అందరి మీదా తిరిగి, చంకలో పసిపిల్లతో ఉన్న సాయవ్వ మీద ఆగింది.

"సాయవ్వా, నీ గొర్లను..."

ఆడవాళ్ళంతా వచ్చి సాయవ్వ గొర్రెల ముందు నిలబడ్డారు.

"అంచున ఎవరో ఒకరుండాలె కద, పెద్దయ్యా! ఇయ్యాల నువ్వుండు," అంది సాయవ్వ.

గుట్ట మీద తోడేలు ఊళ వేసింది. ఒక్క మనిషీ కదల్లేదు. చివరికి బీరయ్య తన గొర్రెలను తనే అంచుకు తోలాడు.

ఇప్పటికీ ఆ గుట్టల్లో మంద ఎక్కడ దిగినా, నడుమ ఒక రాయి పెడతారు. అది కొంరవ్వ. అంచుకు మొదట మందపెద్ద గొర్రెలే వెళ్ళాలి, ఆ తర్వాతే ఇంటికో వంతు. ఆయన రాయి ముందు నిలబడి, "కొంరవ్వా, ఇయ్యాల అంచు నాది" అనాలి. గొణిగితే కుదరదు. ఆడవాళ్ళు చెవి దగ్గర చెయ్యి పెట్టి మరీ అడుగుతారు:

"ఎవరిదీ? ఇనవడలే!"