ఏనుగక్షరాల భైరవభట్లు

ఆ రాజ్యంలో ఉత్తరాలు పంచే కచేరీకి అధికారి భైరవభట్లు. దస్త్రంలో పేరు పెద్ద అక్షరాల్లో ఉండి, ఉత్తరం మీద చిన్న అక్షరాల్లో ఉంటే, ఆ ఇద్దరూ వేరువేరు మనుషులని ఆయన తీర్మానం.

ఒకనాడు బుట్టలల్లే మేదరి సింగన్నకు కూతురి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నెలలు నిండిన పిల్ల, పురుటికి తీసుకెళ్ళమని రాసుంటుందని సింగన్న పరిగెత్తుకొచ్చాడు.

"దస్త్రంలో నువ్వు పెద్దక్షరాల సింగన్నవి. ఇది చిన్నక్షరాల సింగన్నకి వచ్చింది. వాణ్ణి రానీ, ఇస్తాను," అని భట్లు ఉత్తరం రొంటిన దోపుకున్నాడు.

"ఊళ్ళో సింగన్నను నేనొక్కణ్ణే బాబూ!"

"అయితే వాడింకా పుట్టలేదన్నమాట. పుట్టేదాకా ఆగుదాం."

సింగన్న చేటలమ్మే నెపంతో భట్లు ఇంటికి వెళ్ళి, ఆయన భార్య చెవిన ఒక మాట వేశాడు.

మధ్యాహ్నం భట్లు భోజనానికి వచ్చేసరికి లోపల గడియ వేసి ఉంది.

"మా లగ్నపత్రికలో పెళ్ళికొడుకు పేరు చీమలంత అక్షరాల్లో ఉంది," అంది భార్య లోపల్నుంచి. "ఈ తలుపు మీద ఏనుగంత అక్షరాలు చెక్కించుకున్న మీరెవరో! పరాయి మగాడికి తలుపు తియ్యను."

"ఎంత అక్షరాల్లో రాసినా నేను నేనేనే!" అని వీధంతా వినబడేలా అరిచాడు భట్లు.

వాకిట్లో చేటలు పేర్చుకుని కూర్చున్న సింగన్న చెయ్యి చాచాడు. "అయితే నా ఉత్తరం ఇప్పించండి బాబూ."

భట్లు రొంటినున్న ఉత్తరం తీసి ఇచ్చాడు. తలుపు తెరుచుకుంది. కానీ విస్తట్లో సగం అన్నమే పడింది.

"మిగతాదేదీ?"

"ఆ రెండో ఆయన వస్తే పెట్టొద్దూ!"